బోధకుని వెనుక నిలిచినదెవరు?
జపాను ప్రజలు, విదేశ మిషనెరీలు: ఒక అధ్యయనము

వాక్య పాఠము: యోహాను 3:25–30; 1 కొరింథీయులకు 3:4–9

సువార్తను మోసికొని వచ్చినవాడు పరదేశి అయినప్పుడు వినువాని మనస్సులో రెండు ప్రశ్నలు ఒక్కసారే పుట్టును. ఇతడు చెప్పునది సత్యమా అనునది మొదటిది. ఇతని వెనుక నిలిచినదెవరు అనునది రెండవది. మొదటి ప్రశ్నకు బోధకుడు తన నోటితో జవాబు చెప్పగలడు. రెండవ ప్రశ్నకు అతని నడవడియు, అతనిని మోసికొని వచ్చిన ఓడయు, అతని చేతిలోని ధనమును జవాబు చెప్పును. ఈ రెండవ ప్రశ్న ఎంత బలమైనదో జపాను దేశ క్రైస్తవ చరిత్ర మిక్కిలి స్పష్టముగా చూపుచున్నది.

జపానీయులు మిషనెరీలను ద్వేషించిరనియు, ఆ దేశము రాతినేల అనియు చెప్పి ముగించుట సులభము. నేటికిని అక్కడ క్రైస్తవులు నూటికి ఒక్కరు చొప్పుననే ఉన్నమాట నిజమే. అయినను ఆ ప్రజలు విదేశ బోధకుని ఒక కాలమున ఆదరించిరి, ఒక కాలమున సిలువ వేసిరి, ఒక కాలమున గురువుగా కూర్చుండబెట్టిరి, మరియొక కాలమున మర్యాదగా ప్రక్కకు తొలగుమనిరి. ఈ మార్పులకు కారణములు వెదకుట ఈ పాఠముయొక్క ఉద్దేశము.

1. ఆదరణయు అపార్థమును

1549 ఆగస్టు 15న ఫ్రాన్సిస్ జేవియర్ కగోషిమా రేవున దిగెను. గోవాలోను, దక్షిణ భారత తీరమందలి పరవ జాలరుల మధ్యను పనిచేసిన ఈ యేసుసభ గురువునకు మలక్కాలో పరిచయమైన అంజిరో అను జపాను దేశస్థుడు మార్గదర్శి ఆయెను. జేవియర్ తన ఉత్తరములలో జపానీయుల మర్యాదను, బుద్ధికుశలతను మిక్కిలి మెచ్చుకొనెను. వారును అతని బోధను ఆసక్తితో వినిరి. అయితే వారు విన్నదేమి? అంజిరో ఇచ్చిన మాటలను నమ్మి జేవియర్ దేవునికి "దైనిచి" అను పేరు వాడెను. అది షింగోన్ బౌద్ధులు కొలుచు మహావైరోచన బుద్ధుని పేరు. బుద్ధుడు పుట్టిన భారతదేశమునుండి మరియొక బౌద్ధ శాఖ వచ్చినదని పలువురు తలంచిరి. సంగతి తెలిసిన పిమ్మట జేవియర్ ఆ మాటను విడిచి లతీను పదమైన "దేవుస్"నే వాడెను. ఆదరణ కలిగినంత మాత్రమున గ్రహింపు కలిగినదని తలంచరాదు. తర్జుమా చేయువారందరు జ్ఞాపకముంచుకొనదగిన మొదటి పాఠమిది.

యామగుచి పట్టణమునకు జేవియర్ మొదట దీన వేషముతో వెళ్లి ఫలము కానకుండెను. 1551లో మేలైన వస్త్రములు ధరించి, గోవా అధికారుల ఉత్తరములతోను విలువైన కానుకలతోను తిరిగి వెళ్లగా ఆ ప్రాంత ప్రభువు బోధించుటకు సెలవిచ్చి, వాడుకలో లేని ఒక బౌద్ధ మఠమును వసతిగా ఇచ్చెను. తలుపు తెరువబడెను. కాని ఆ తలుపు తెరచినది బోధకుని సందేశమా, గవర్నరు ముద్రయా? ఈ ప్రశ్న ఆనాడే మొలకెత్తెను.

అతని తరువాత వచ్చినవారిలో రెండు దృక్పథములు కనబడెను. పెద్దగా నుండిన ఫ్రాన్సిస్కో కబ్రాల్ జపానీయులను చిన్నచూపు చూచి, వారి ఆచారములకు లోబడుటకును, వారిని గురుత్వమునకు ఎత్తుటకును ఇష్టపడలేదు. 1579లో తనిఖీ అధికారిగా వచ్చిన అలెస్సాండ్రో వలిన్యానో దీనిని ఖండించెను. విదేశ గురువులు జపాను భాష నేర్వవలెననియు, కూర్చుండుటలో, భుజించుటలో, అతిథిని గౌరవించుటలో ఆ దేశ మర్యాదను పాటింపవలెననియు, దేశస్థులను గురువులుగా సిద్ధపరచవలెననియు అతడు ఏర్పాటు చేసెను. విదేశీయుని అహంకారమును మొదట గుర్తించి సరిదిద్దబూనినవాడును విదేశీయుడే అనుట న్యాయము.

2. ఖడ్గపు నీడ

కాని మర్యాదలు మారినంత మాత్రమున వెనుక నిలిచిన శక్తి మారలేదు. క్రైస్తవుడైన ఒమురా సుమితద ప్రభువు ఏలుబడిలో 1574లో బౌద్ధ, షింతో ఆలయములు నాశనము చేయబడెను. ప్రజలు గుంపులుగా బాప్తిస్మమునకు నడిపింపబడిరి. 1580లో అతడు నాగసాకి రేవును యేసుసభ వశము చేసెను. 1586లో, వారి పెద్దయైన గాస్పర్ కొయెల్యో హిదెయోషి యుద్ధయత్నమునకు పోర్చుగీసు ఓడలు సమకూర్చెదనని మాట ఇచ్చెను. మరుసటి సంవత్సరము ఆయుధములు అమర్చిన తన పడవను ఆ ప్రభువుకు చూపెను. బోధకుని చేతిలో ఓడ ఉన్నదని స్వయముగా బోధకుడే చూపిన తరువాత ఏలువాడు నిశ్చింతగా ఎట్లుండును?

అదే 1587లో హిదెయోషి, గురువులు ఇరువది దినములలో దేశము విడువవలెనని ఆజ్ఞాపించెను. అప్పుడు అతడు అడిగిన ప్రశ్నలు నేటి చదువరి ఎదుట కూడ నిలుచుచున్నవి. ప్రజలను ఎందుకు బలవంతపెట్టుచున్నారు? ఆలయములను ఎందుకు పడగొట్టించుచున్నారు? పోర్చుగీసు వర్తకులు జపానీయులను బానిసలుగా కొని ఎందుకు తీసికొనిపోవుచున్నారు? హిదెయోషి నీతిమంతుడు కాడు. అయినను ప్రశ్న వేసినవాడు దుష్టుడైనంత మాత్రమున ప్రశ్న అబద్ధము కాదు.

1596లో సాన్ ఫెలిపే అను స్పానిష్ ఓడ తోస తీరమున చెడిపోయెను. మొదట గురువులును తరువాత సైన్యమును వచ్చునని ఆ ఓడ చుక్కానివాడు పలికినట్లు ఒక వార్త ప్రబలెను. 1597 ఫిబ్రవరి 5న నాగసాకిలో ఇరువదియారుగురు సిలువ వేయబడిరి. వారిలో ఆరుగురే విదేశీయులు. తక్కిన ఇరువదిమంది జపానీయులు. 1614లో తొకుగావ ప్రభుత్వము దేశమంతటను క్రైస్తవ మతమును నిషేధించెను. 1637–38లో జరిగిన షిమబర తిరుగుబాటు తరువాత ఆ నిషేధము మరింత కఠినమాయెను. క్రీస్తు ప్రతిమను కాలితో త్రొక్కించి ప్రజలను పరీక్షించు పద్ధతి నాగసాకి ప్రాంతమున ప్రతి సంవత్సరము జరుగుచుండెను. విదేశ శక్తిపై పుట్టిన అనుమానమునకు వెల చెల్లించినవారు అధికముగా దేశస్థులైన పేదలే.

3. గురువులు లేని సంఘము, గురువులైన పరదేశులు

1865 మార్చి 17న నాగసాకిలోని ఓఉరా దేవాలయమునకు ఉరకామి గ్రామస్థులు కొందరు వచ్చి, తమ హృదయమును అతని హృదయమును ఒక్కటేయని ఫ్రెంచి గురువైన పెతిజాన్‌కు తెలియజేసి, మరియమ్మ ప్రతిమ ఎక్కడనున్నదని అడిగిరి. రెండు వందల సంవత్సరములకు పైగా గురువులు లేకయే వారు రహస్యముగా విశ్వాసమును కాపాడుకొనిరి. ఇక్కడ పరీక్షకుడు మిషనెరీ కాడు. గ్రామస్థులే అతనిని పరీక్షించి, తమవాడని ఒప్పుకొనిరి. తరువాత ఆ ప్రాంతపువారు సుమారు 3,400 మంది దేశములో పలుచోట్లకు చెరగొనిపోబడగా, ఆరు వందలమందికి పైగా మరణించిరి. 1873లో క్రైస్తవ నిషేధపు ప్రకటన పలకలు తీసివేయబడెను.

ప్రొటెస్టంటు మిషనెరీలు 1859లో అడుగు పెట్టిరి. వారి రాకకు త్రోవ చేసినవి అమెరికా యుద్ధనౌకలును, వాటి వెంబడి వ్రాయబడిన అసమానపు ఒడంబడికలును. కనుక పాత అనుమానము చావలేదు. బహిరంగముగా బోధించుటకు వీలులేనందున వారు భాష నేర్చుకొనిరి, వైద్యము చేసిరి, పాఠములు చెప్పిరి. ఆ అడ్డంకియే వారికి దీవెనగా మారెను.

వైద్యుడైన జేమ్స్ కర్టిస్ హెప్‌బర్న్ కనగావలోను, తరువాత యొకొహామాలోను రోగులకు చికిత్స చేయుచు, వారి నోట వినిన మాటలను కూర్చి 1867లో జపాను–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. అందు 20,000కు పైగా మాటలు గలవు. 1880లో ముగిసిన క్రొత్త నిబంధన తర్జుమాలో ఒకునో మసత్సున, మత్సుయామ తకయోషి మొదలగు దేశస్థులు విదేశీయులతో కూడ కూర్చుండిరి. 1887 నాటికి పాత నిబంధనయు పూర్తియాయెను. సింగపూరులో 1837లో అచ్చయిన గుట్స్‌లాఫ్ యోహాను సువార్తలో దేవునికి "గొకురకు" అను మాట వాడబడెను. అది బౌద్ధుల సుఖలోకమునకు పేరు. ఓడ పగిలి కొట్టుకొనివచ్చిన ముగ్గురు నావికుల సహాయముతో అంతకంటె ఎక్కువ చేయుట కష్టమే. ఆ పుస్తకమునకును హెప్‌బర్న్ నాటి తర్జుమాకును మధ్యనున్న భేదము ప్రజల నడుమ కూర్చుండి నేర్చుకొనిన సంవత్సరముల భేదము.

గీడో వెర్బెక్ కథ మరింత ఆలోచింపదగినది. హాలండులో పుట్టి అమెరికాకు వలసపోయిన ఇతడు మొదటి పౌరసత్వమును పోగొట్టుకొని, రెండవదానిని పొందకుండెను. ఏ రాజ్యమును తన ప్రజగా ఎంచని ఈ మనుష్యునియొద్ద నాగసాకిలో చదివినవారిలో తరువాత ప్రధానమంత్రియైన ఓకుమ షిగెనొబు ఒకడు. 1869లో ప్రభుత్వము అతనిని తోక్యోకు పిలిచి విద్యావిషయములలో సలహాదారునిగా చేసికొనెను. 1891లో దేశములో ఎక్కడనైన నివసించుటకును ప్రయాణము చేయుటకును అతనికి ప్రత్యేకముగా అనుమతి ఇచ్చెను. వెనుక ఓడలేని బోధకునికి జపాను తన ఇల్లు తెరచెను.

4. విశ్వాసుల అభ్యంతరము

తరువాతి అభ్యంతరము శత్రువులనుండి కాక సువార్తను ప్రేమించినవారినుండియే వచ్చెను. ఉచిమురా కన్జో 1878లో బాప్తిస్మము పొందెను. సప్పోరోలోని అతడును అతని స్నేహితులును ఆరాధన మందిరమునకై మిషనునుండి అప్పు తీసికొనిరి. తమ సంఘము ఏ విదేశ శాఖకును చెందక స్వతంత్రముగా ఉండవలెనని తీర్మానించుకొని, 1882లో ఆ అప్పును పూర్తిగా తీర్చివేసిరి. చేతిలో డబ్బులేని యౌవనస్థులకు అది చిన్న పని కాదు. అమెరికాలో మిషనెరీ సభలయందు మారుమనస్సు పొందిన విదేశస్థులను మచ్చికచేసిన జంతువులవలె ప్రదర్శించుట ఉచిమురాను మిగుల నొప్పించెను. యేసును, జపానును ప్రేమించెదనని చెప్పిన ఈ మనుష్యుని 1891లో స్వదేశీయులే దేశద్రోహి అని నిందించిరి. చక్రవర్తి సంతకము గల విద్యాశాసనమునకు అతడు తగినంత వంగి నమస్కరింపలేదని వారి కోపము. విదేశీయుని ఎదుట వంగనివాడు స్వదేశపు సింహాసనము ఎదుటను ఆరాధనగా వంగలేదు. ఈ రెంటిని కలిపి చూడవలెను.

ఉఎమురా మసహిస 1873లో మిషనెరీయైన బల్లా చేత బాప్తిస్మము పొందినవాడు. మిషను ఆధీనమందలి కళాశాలలో తాను ఉపయోగించిన దైవశాస్త్ర పుస్తకమునకు విదేశ బోధకుడొకడు అభ్యంతరము తెలుపగా, అతడు బయటికి వచ్చి 1904లో తోక్యోలో జపానీయులే నడుపు దైవశాస్త్ర పాఠశాలను స్థాపించెను. తమ సంఘమునకు ఏది బోధింపవలెనో తాము నిర్ణయింపగలమని అతని భావము.

5. స్వాతంత్ర్యముయొక్క శోధన

ఇంతవరకు చదివినవాడు, విదేశీయుడు తొలగినచో సంఘము శుద్ధమగునని తలంచును. చరిత్ర అట్లు చెప్పుట లేదు. 1940–41లో మిషనెరీలలో అధికులు దేశము విడిచిరి; విదేశ ధనము నిలిచిపోయెను; 1941 జూనులో ప్రభుత్వ చట్టము క్రింద 30కి పైగా ప్రొటెస్టంటు శాఖలు ఒక్క సంఘముగా చేర్చబడెను. విదేశ హస్తము పోయిన చోటికి రాజ్యహస్తము వచ్చెను.

అంతకుముందే, 1938లో, జపాను క్రీస్తు సంఘ నాయకుడైన తొమిత మిత్సురు కొరియాకు వెళ్లి, షింతో మందిరమున వంగుట మతకార్యము కాదు, పౌరధర్మమని అక్కడి ప్రెస్బిటేరియనులకు నచ్చజెప్పబూనెను. పాస్టరు జూ గిచోల్ అంగీకరింపక 1944లో చెరసాలలో మరణించెను. పరదేశి తమపై పెద్దరికము చేయుటను సహింపనివారు, సైన్యము వెనుక నిలువగా, తామే మరియొక జనాంగమునకు అట్టి పరదేశులైరి. అయితే అందరును అట్లు వంగలేదు. 1942లో హోలీనెస్ సంఘముల కాపరులు అనేకులు బంధింపబడిరి.

1945 తరువాత విదేశ బోధకులు మరల విస్తారముగా వచ్చిరి. ఈసారి వారి వెనుక జయించిన సైన్యము నిలిచియుండెను. సభలు కొంతకాలము నిండి, తరువాత పలుచబడెను. 1967లో ఆ ఐక్య సంఘము తాను యుద్ధమును సమర్థించిన పాపమును బహిరంగముగా ఒప్పుకొని, దేవుని యొద్దను ఆసియా ప్రజలయొద్దను క్షమాపణ కోరెను. సంఘముయొక్క నిజమైన స్వాతంత్ర్యము ఆ ఒప్పుకోలులో కనబడినంతగా 1941 నాటి ఏర్పాటులో కనబడలేదు.

6. తెలుగు సంఘమునకు పాఠము

1907లో తోక్యోలో జరిగిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య సభకు భారతదేశమునుండి వెళ్లినవారిలో వి. ఎస్. అజరయ్య ఒకడు. మూడు సంవత్సరముల తరువాత ఎడింబరో మహాసభలో అతడు విదేశ మిషనెరీల ఎదుట నిలిచి, వారి త్యాగమును ఒప్పుకొనుచునే, తమకు కావలసినది స్నేహితులని మొరపెట్టెను. 1912లో అతడు దోర్నకల్లు బిషప్పు ఆయెను. జపాను విశ్వాసులు అప్పు తీర్చి చెప్పిన మాటనే అతడు స్నేహమును అడిగి చెప్పెను.

బాప్తిస్మమిచ్చు యోహాను తన శిష్యులు తన్ను విడిచి ప్రభువునొద్దకు పోవుట చూచి సంతోషించెను. బోధకుడు తగ్గుట అతని ఓటమి కాదు, అతని పని ఫలించుట. అట్లే నాటినవాడును నీరు పోసినవాడును పొలమునకు యజమానులు కారని పౌలు కొరింథీయులకు బోధించెను. ఈ మాట విదేశ మిషనెరీకి మాత్రమే కాదు. నేడు తెలుగు సంఘములు పంపు సువార్తికుడు గిరిజన గ్రామమునకో, పొరుగు రాష్ట్రమునకో, అరబ్బు దేశమునకో వెళ్లినప్పుడు అక్కడివారికి అతడే పరదేశి. అతని ఫొటోలు, లెక్కలు, భవనములు, మాటతీరు అతని వెనుక ఎవరు నిలిచియున్నారో చెప్పును. క్రీస్తు తప్ప మరియెవరు నిలిచినను వినువాడు వెంటనే కనుగొనును.

ధ్యానమునకు ప్రశ్నలు

1. దేవుని గూర్చి చెప్పునప్పుడు సంఘము వాడు మాటలను క్రొత్తగా వినువాడు ఏ అర్థములో గ్రహించుచున్నాడు?

2. సంఘముపై అన్యులు వేయు ప్రశ్నలలో ఏవి ద్వేషమువలన, ఏవి సంఘపు నడవడివలన పుట్టినవి?

3. విదేశ ధనమునుండి విడుదల పొందిన సంఘము మరి ఏ శక్తికి లోబడు శోధనలో పడవచ్చును?

4. సువార్త పంపబడిన చోట దేశస్థులు పెద్దలై నడిపించుటకును, పంపబడినవాడు తొలగుటకును ఎంత కాలము ఏర్పరచుకొనబడినది?