సూర్యుని తమ్ముడు: ఎప్సిలాన్ ఎరిడాని

సూర్యుడు నిత్యం ఒకే తీరుగా వెలుగుతాడని మన నమ్మకం. విత్తనం వేయడం మొదలు చెరకు నరికేదాకా మన ప్రాంతపు సేద్యమంతా ఆ నమ్మకం మీదనే సాగుతున్నది. కాని ఈ నిలకడ సూర్యునికి పుట్టుకతో వచ్చినది కాదు. ఈ సత్యాన్ని గ్రహించడానికి మనకు సమీపంలోని ఒక చర నక్షత్రాన్ని పరిశీలిద్దాం.

డిసెంబరు నడుమ, రాత్రి పది గంటల వేళ, సిరికొండ పొలాల నుండి దక్షిణ దిక్కుకు చూస్తే, ఓరియన్ మండలంలోని రైజెల్ తారకు చాలా పడమరగా, సుమారు 60 డిగ్రీల ఎత్తున ఒక మసక చుక్క కనిపిస్తుంది. అదే ఎప్సిలాన్ ఎరిడాని. దాని దూరం సుమారు 10.5 కాంతి సంవత్సరాలు. ద్రవ్యరాశి సూర్యునిలో దాదాపు 82 శాతం; వెలుగు మాత్రం మూడవ వంతే. సూర్యుని వయస్సు సుమారు 460 కోట్ల ఏండ్లు కాగా, దీనికి ఇంకా 100 కోట్లు నిండలేదు.

దీని కాంతి ఎందుకు మారుతుంది? బెల్లం వండే కడాయిలో చెరకు రసం అడుగు నుండి పైకి తెర్లినట్లు, నక్షత్రపు పైపొరలలో వేడి వాయువు పొర్లుతూ ఉంటుంది. ఈ పొర్లాటకు నక్షత్ర భ్రమణం తోడై అయస్కాంత క్షేత్రం పుడుతుంది. సూర్యుడు తన చుట్టూ తాను తిరగడానికి సుమారు 25 దినాలు పడితే, ఈ తారకు 11 దినాలే చాలు. కనుక దీని అయస్కాంత శక్తి అధికం, మచ్చలు పెద్దవి. ఆ మచ్చలు మనవైపు వచ్చి పోతున్నకొద్దీ కాంతి స్వల్పంగా తగ్గి పెరుగుతుంది. ఈ మార్పు కంటికి అందదు, కాంతిమాపకాలకే తెలుస్తుంది. సూర్యుని మచ్చల చక్రం దాదాపు 11 ఏండ్లు. ఇక్కడ సుమారు 3 ఏండ్ల చక్రం గుర్తింపబడింది.

ఇటువంటి తారల వర్ణపటాలలో కాల్షియం 'కె' రేఖ ముఖ్యమైనది. ఆ రేఖ నడిమి వెలుగు వెడల్పుకూ నక్షత్రపు నిజ ప్రకాశానికీ గల సంబంధాన్ని 1957లో విల్సన్, వైను బప్పు ప్రకటించారు. బప్పు తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో ఖగోళజ్ఞులు. నిజాం కళాశాల విద్యార్థిగా ఉండగానే బప్పు చర నక్షత్రాలను పరిశీలించి పత్రాలు ప్రకటించారు. తరువాత విల్సన్ 1966 నుండి ఏండ్ల తరబడి కాల్షియం రేఖలను గమనించి, సూర్యుని వంటి తారలకూ మచ్చల చక్రాలున్నాయని చూపారు.

నక్షత్రాల నుండి వీచే గాలి కాలక్రమంలో వాటి భ్రమణ వేగాన్ని హరిస్తుంది. వేగం తగ్గితే అల్లకల్లోలమూ తగ్గుతుంది. మన సూర్యుడూ యౌవనంలో ఈ తార వలెనే చెలరేగి, పిమ్మట శాంతించాడు. ఆ శాంతి నీడలోనే నేటి మన జీవనం సాగుతున్నది. ఒక కళాశాల విద్యార్థి ఓపికతో చేసిన పరిశీలన ఎంత దూరం పోగలదో బప్పు జీవితం చెబుతున్నది. చీకటి ఆకాశం మన పల్లెలలో ఇంకా మిగిలే ఉన్నది. ఆ ఓపికను అలవరచుకొనడమే మన వంతు.