కీబోర్డు గాంధారం ఎందుకు కలవదు?

ప్రశ్న: తంబురతో శంకరాభరణం పాడితే గాంధారం చక్కగా నిలుస్తుంది. మా అబ్బాయి కీబోర్డు మీద మేజర్ కార్డ్ పట్టగానే నా గొంతు కిందికి జారినట్టుంటుంది. శ్రుతి తప్పుతున్నానా? – ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: లేదండీ, మీ చెవి బాగానే ఉంది. తంబుర మంద్ర షడ్జం తీగ మీటి చెవి ఒగ్గండి. అందులోనే అంతర గాంధారం సన్నగా పలుకుతుంది. మీరు పాడేది దాన్నే. కీబోర్డులో మాత్రం స్థాయిని 12 సమభాగాలు చేశారు. స్థాయికి 1200 సెంట్లయితే దాని గాంధారం 400 దగ్గర, తంబురది సుమారు 386 దగ్గర ఉంటాయి. ఆ 14 సెంట్లే మీ ఇబ్బంది. పంచమంలో తేడా 2 సెంట్లే కనుక ఎవరికీ పట్టదు. ఆర్గన్ టోన్ పెట్టి, ఒకటి శ్రుతిలో మధ్యస్థాయి స-గ మెట్లు కలిపి నొక్కి ఉంచండి. సెకనుకు దాదాపు 10 సార్లు వణుకు వినిపిస్తుంది.

ముందు అబ్బాయిని గాంధారం వదిలేసి స-ప మాత్రమే పట్టమనండి. సగం గొడవ అక్కడే తీరుతుంది. కీబోర్డులో స్కేల్ ట్యూన్ సదుపాయం ఉంటే గాంధారాన్ని 14, ధైవతాన్ని 16, నిషాదాన్ని 12 సెంట్లు తగ్గించండి. స-గ-ప, మ-ధ-స హాయిగా కలుస్తాయి. రి-మ-ధ పట్టారో, వినలేరు! రి-ధ జంట 18 సెంట్లు ఇరుకైపోతుంది. అందుకే కార్డ్‌లు తరచు మారే సినిమా పాటలకు మామూలు అమరికే మేలు. శ్రుతి మారిస్తే ఈ లెక్కంతా మళ్లీ సరిచేయాలి.

తంబురతో కూడా స-ప కుదరకపోతే గురువు ఎదుట కూర్చుని పాడి చూపండి. ఒకే స్వరం రెండు చెవులకు రెండు రకాలుగా వినిపిస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టర్ని కలవండి.