అప్పుతో వచ్చిన గేదె - ఒట్టిపోయిన నెలలు



గ్రామాభివృద్ధికి ప్రభుత్వం అనేక పథకాలు పెట్టింది. అయితే ఒకే పథకం ఒక ఇంటిని నిలబెట్టి, పక్క ఇంటిని అప్పులపాలు చేయడానికి కారణమేమిటి? సంఘ సభలలో తరచు వినబడే ఈ ప్రశ్నను పాడి గేదెను ఉదాహరణగా తీసుకొని విచారిద్దాం.

మొదటి అడ్డంకి: పెట్టుబడి

1951-52లో రిజర్వు బ్యాంకు జరిపించిన గ్రామీణ పరపతి సర్వేలో, రైతులు తెచ్చుకున్న అప్పులో సహకార సంఘాలు ఇచ్చినది నూటికి సుమారు 3 రూపాయలేనని తేలింది. అధికభాగం వడ్డీ వ్యాపారులదే. దరిమిలా 1969లో 14 బ్యాంకుల జాతీయకరణ జరిగింది. 1975లో ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులు, 1982లో నాబార్డు ఏర్పడ్డాయి. 1978లో మొదలైన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం 1980 అక్టోబరు 2 నుండి దేశంలోని అన్ని బ్లాకులకు విస్తరించింది. బ్యాంకు అప్పుతో పాటు చిన్న రైతుకు ఖరీదులో నాలుగవ వంతు, సన్నకారు రైతుకు, వ్యవసాయ కూలీకి మూడవ వంతు, గిరిజనులకు సగం సబ్సిడీ ఇచ్చారు. ఎందరో ఈ విధంగా పాడి పశువులను తెచ్చుకున్నారు. 1999లో ఈ పథకం మరొక పథకంలో కలిసిపోయింది.

రెండవ అడ్డంకి: అమ్మకం

గేదె వచ్చింది. పాలు ఎవరికి పోయాలి? పాలు నిలవ ఉండే సరుకు కాదు గనుక వ్యాపారి చెప్పినదే ధర. గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు 1946లో సొంత సహకార యూనియన్ పెట్టుకొని ఈ చిక్కు విడదీశారు. 1964లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ఆనంద్ వెళ్ళి ఆ పద్ధతిని చూశారు. మరుసటి ఏడు జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1970లో ప్రారంభమైన ఆపరేషన్ ఫ్లడ్‌లో, ఐరోపా దేశాలు విరాళంగా ఇచ్చిన పాలపొడిని, వెన్న నూనెను పాలుగా మార్చి నగరాలలో అమ్మి, ఆ సొమ్మును పాడి అభివృద్ధికి ఖర్చు చేశారు. మొదటి దశలో 18 పాల ప్రాంతాలను బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసు నగరాలతో కలిపారు. ఆంధ్రప్రదేశ్‌లో 1974లో పాడి అభివృద్ధి కార్పొరేషన్, 1981లో సహకార సమాఖ్య వచ్చాయి. వెన్న శాతం చూసి ధర కట్టే పద్ధతి ఊరి వరకు చేరింది.

మూడవ అడ్డంకి: ఒట్టికాలం

అసలు చిక్కు ఇక్కడనే ఉంది. గేదె చూడికాలం సుమారు 10 నెలలు. ఈనిన 3 నెలలకు చూడి కడితే 13 నెలలకు మళ్ళీ ఈనుతుంది. 10 నెలలు పాలిచ్చిందనుకుంటే ఒట్టికాలం 3 నెలలే. అదే 8 నెలలకు గాని చూడి కట్టకపోతే, ఈతకూ ఈతకూ మధ్య 18 నెలలు. ఒట్టికాలం 8 నెలలు!

ఆ 8 నెలలూ మేత ఆపలేము, బ్యాంకు వాయిదా ఆగదు. ఆగిపోయేది పాల డబ్బు ఒక్కటే. ఇంటివారు చివరకు గేదెను తెగనమ్ముకుంటారు. గేదె పోయి అప్పు మిగులుతుంది. అప్పు ఇవ్వడం ప్రభుత్వం చేయగలదు. ఎద కనిపెట్టడం ఇంటివారే చేయాలి.

ఒక్క ఎద తప్పితే 21 రోజులు నష్టం. గేదెలలో మూగ ఎద ఎక్కువ, వేసవిలో మరీ ఎక్కువ. అరుపు కోసం ఎదురుచూడరాదు. తెల్లవారుజామున, రాత్రి పడుకోబోయే ముందు మానం నుండి తీగలు వేలాడుతున్నవేమో చూడాలి. మాటిమాటికి మూత్రం పోయడం, పాలు తగ్గడం కూడా గుర్తులే. ఉదయం ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మరునాటి ఉదయం సూది వేయించాలి. మూడు నెలలకు చూడి పరీక్ష తప్పనిసరి.

సంఘం చేయవలసినది

మేమూ ఒక లోపం ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళూ సంఘానికి వచ్చిన పాల లీటర్లు లెక్కించాము గాని ఒట్టి గేదెలను లెక్కించలేదు. పాలు పోయడం మానిన సభ్యుని పేరు పుస్తకంలో కనబడకుండా పోతుంది. సాయం కావలసినది అప్పుడే గదా! అందుచేత ప్రతి సంఘం ఈనిన తేదీ, సూది వేయించిన తేదీ, చూడి పరీక్ష ఫలితం రాసే పుస్తకం ఒకటి ఉంచవలెను. పాలు ఆగిన ఇంటికి కార్యదర్శి నెలలోపున వెళ్ళిరావాలి. 2019 నుండి కిసాన్ క్రెడిట్ కార్డు పశుపోషకులకు కూడా వర్తిస్తున్నది. మేత, దాణా ఖర్చుకు దానిని ఉపయోగించుకొనేలా సభ్యులకు తోడ్పడాలి.

సభలో చర్చించండి:

1. మన సంఘంలో నేడు ఒట్టిపోయి ఉన్న గేదెలెన్ని?
2. వాటిలో చూడివి ఎన్ని?
3. గత ఏడాది పాలు పోయడం మానిన సభ్యులెవరు? కారణమేమి?

ఈ మూడింటికి జవాబు చెప్పగల సంఘంలో అప్పుతో వచ్చిన గేదె ఇంట నిలుస్తుంది.