దమ్ము ట్రాక్టర్‌కి గ్రీజు: ముందు బరువు దించండి, తర్వాతే గన్ పట్టండి

దమ్ము చేసినన్ని రోజులూ ట్రాక్టర్ ముందు యాక్సిల్ బురదలోనే నానుతుంది. కింగ్ పిన్నుల్లోకి నీళ్లు దిగి, బుష్‌లు అరిగితే స్టీరింగ్‌లో ప్లే వస్తుంది. రేపు అదే బండితో ధాన్యం ట్రక్కు లాగాలి. రోడ్డు మీద ముందు చక్రాలు ఊగితే ప్రాణం మీదకొస్తుంది.

చాలామంది బండి నేల మీద ఉండగానే గ్రీజు కొడతారు. బరువు ఆనిన వైపు సందు ఉండదు. గ్రీజు సులువుగా దారి దొరికిన వైపు నుంచి బయటికొచ్చేస్తుంది. నిండిందనుకుంటాం, అరిగే చోటు మాత్రం పొడిగానే ఉంటుంది.

నేను చేసే పద్ధతి వీడియోలో చూపించాను:

1. ఇంజిన్ ఆపి, బ్రేకు లాక్ చేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి.

2. కింగ్ పిన్నులకైతే యాక్సిల్ కింద జాకీ పెట్టి చక్రం లేపండి. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి, మళ్లీ కొట్టండి.

3. సెంటర్ పిన్నుకైతే జాకీ యాక్సిల్ కింద కాదు, రేడియేటర్ కిందుండే సపోర్టుకి పెట్టాలి. అప్పుడే యాక్సిల్ వేలాడి, పిన్ను మీద బరువు తగ్గుతుంది. జాకీనొక్కదాన్నే నమ్మొద్దు, గట్టి చెక్కదిమ్మ కూడా పెట్టండి.

4. చెయ్యి దూరని నిపుల్‌కి గన్‌కి రబ్బరు హోస్ బిగించండి. నిపుల్ తుడవకుండా కొడితే మట్టి కూడా లోపలికే పోతుంది.

5. నీళ్లు, నల్ల గ్రీజు పోయి కొత్తది కనబడేదాకా కొట్టండి. దమ్ము రోజుల్లో రోజూ సాయంత్రమే చేయండి, నీళ్లు రాత్రంతా లోపల నిలవవు.

బయటికొచ్చిన గ్రీజు గుడ్డతో తుడిచి డబ్బాలో వేయండి. జీవామృతం పోసే మడిలో అది రాలకూడదు కదా!