చమురు బావికి పక్కదారి

‘ముంబయి హైలో సైడ్‌ట్రాక్’ అన్న కబురు వినగానే కొత్త చమురు పడిందని కొందరు బేరానికి దిగుతారు. పడలేదు. 1974లో కనుగొని 1976 నుంచి చమురు తీస్తున్న ఆ క్షేత్రంలో పాత బావులనే ఇలా మళ్లిస్తున్నారు.

బావి గొట్టంలో తగిన లోతున విప్‌స్టాక్ అనే ఏటవాలు ఉక్కు దిమ్మను బిగిస్తారు. వాలు రెండు మూడు డిగ్రీలే. పైనుంచి దించిన కోత పనిముట్టు ఆ వాలు వెంట ఒరిగి గొట్టం గోడకు కిటికీ కోస్తుంది. అక్కడినుంచి కొత్త రంధ్రం. పై గొట్టాలు, సముద్రంలోని వేదిక పాతవే గనుక ఖర్చు కలిసివస్తుంది.

వర్తకులు అడగవలసింది కారణం. నీరెక్కిన పాత బావిని మళ్లిస్తే సరుకు పెరగవచ్చు. తవ్వుతుండగా గొట్టం ఇరుక్కుపోయి మళ్లిస్తే – 2010 మార్చిలో మెక్సికో సింధుశాఖలోని మకోండో బావికి జరిగింది అదే – అది జాప్యమే. ఒక్క పీపా కూడా అదనంగా లెక్కకట్టరాదు.