సౌండ్ ఆపేస్తే దయ్యాలు ఏమవుతాయి?

హాలోవీన్ దగ్గర పడిందంటే చాలు, అమెరికాలో చదువుతున్న మా అక్క పాత దయ్యాల కార్టూన్ ఏదో ఒకటి పంపిస్తుంది. ఈసారి పంపింది 1929 నాటి 'ద స్కెలిటన్ డ్యాన్స్'. మర్నాడు మా రూమ్మేట్‌కి ఇంటర్నల్ పరీక్ష, నా ఇయర్‌ఫోన్స్ ఏమో కనపడలేదు. సరేలే అని సౌండ్ ఆపేసి చూశా. నాలుగు అస్థిపంజరాలు శ్మశానంలో గెంతుతున్నాయి, అంతే. బోరు కొట్టింది.

మర్నాడు సౌండ్‌తో చూస్తే అది వేరే సినిమా! ఒక అస్థిపంజరం ఇంకోదాని తొడ ఎముకలు ఊడబీకి, వాటితోనే దాని వెన్ను మీద జైలోఫోన్ వాయిస్తుంది. పిల్లి తోకని తీగలా లాగి మీటుతుంది. ప్రతి దెబ్బా తాళం మీదే పడుతుంది. వాల్ట్ డిస్నీ 'సిల్లీ సింఫనీ' వరుసలో ఇదే మొదటిది. బొమ్మల్లో ఎక్కువ భాగం అబ్ ఐవర్క్స్ గీశాడు, సంగీతం కార్ల్ స్టాలింగ్‌ది. కథంటూ ఏమీ లేదు, సంగీతాన్ని బట్టే కదలికలు నడుస్తాయి.

ఇందులో లెక్క మనకి తెలిసిందే. సెకనుకి 24 ఫ్రేములు. 12 ఫ్రేములకొక దెబ్బ వేస్తే నిమిషానికి 120 దెబ్బలు. అంటే ఎముక ఏ ఫ్రేములో తగలాలో గీసేవాడికి ముందే తెలిసుండాలి. రెండు మూడు ఫ్రేములు అటూ ఇటూ అయినా నవ్వు పోతుంది. మన సినిమాల్లో కూడా తెల్లచీర కంటే ముందు గజ్జెల చప్పుడే కదా భయపెట్టేది!

ఇంకో రకం భయం ఫ్లైషర్ స్టూడియోది. 1932లో వచ్చిన 'మిన్నీ ద మూచర్' చూడండి. మొదట్లో జాజ్ గాయకుడు క్యాబ్ కాలోవే స్వయంగా తెర మీద కనిపిస్తాడు, జారుతున్నట్టు అడుగులేస్తూ ఊగుతాడు. తర్వాత ఇంట్లోంచి పారిపోయిన బెట్టీ బూప్ ఒక గుహలోకి వెళ్తుంది. అక్కడ వాల్రస్ ఆకారంలో ఉన్న దయ్యం కాలోవే గొంతుతో పాడుతూ, కాలోవే అడుగులే వేస్తుంది! ఇది రోటోస్కోప్ పని. మనిషి కదలికని ఫిల్ము మీద తీసి, ఫ్రేము తర్వాత ఫ్రేము దాని మీదే బొమ్మ గీస్తారు. మాక్స్ ఫ్లైషర్‌కి దీని మీద 1917లో పేటెంటు వచ్చింది. ఇప్పటి మోషన్ క్యాప్చర్‌కి తాత అన్నమాట.

నా మటుకు ఈ దయ్యమే ఎక్కువ భయపెట్టింది. దాని కోరల వల్ల కాదు. ఆ నడుములో, ఆ భుజాల్లో నిజమైన మనిషి బరువు ఉంది. అస్థిపంజరాలు రబ్బరులా సాగుతాయి కాబట్టి నవ్వేస్తాం. ఇక్కడ మాత్రం బొమ్మ లోపల ఎవరో ఉన్నారనిపిస్తుంది, నిజంగానే ఉన్నారు కూడా. అందుకే మొదట్లో కాలోవే వచ్చే ముక్కని స్కిప్ చేయొద్దు.

పరీక్షలయ్యాక రూమ్మేట్‌కి రెండూ చూపించా. వాల్రస్‌ని వాడు అసలు పట్టించుకోలేదు. స్కెలిటన్ డ్యాన్స్ చివర కోడి కూయగానే అన్నీ సమాధిలోకి దూరిపోతాయి, ఒక జత పాదాలు మాత్రం బయట మిగిలిపోయి రాతిని తంతాయి. లోపల్నుంచి చెయ్యి వచ్చి వాటిని లాక్కుంటుంది. "ఆపు ఆపు, మళ్లీ వెయ్యి" అన్నాడు. నాలుగుసార్లు వేశా.