అనసూయ

పరుల గుణాలలోనూ దోషాన్ని వెదకే బుద్ధి అసూయ. అది లేకపోవడం అనసూయ. గౌతమ ధర్మసూత్రం చెప్పిన ఎనిమిది ఆత్మగుణాలలో దయ, క్షాంతుల వెంటనే పేర్కొన్నది దీనినే. ఇతరుల మంచిని నోరారా చెప్పగలగడం అనసూయకు వాగ్రూపం. సత్యమూ, ప్రియమూ, హితమూ అయిన మాటను భగవద్గీత వాఙ్మయ తపస్సుగా గణించింది. తపస్సు అనడంలోనే అది సులభసాధ్యం కాదన్న సూచన ఉంది. తనకు వచ్చిన విద్యలోనే మరొక సమర్థుడు ఎదురైనప్పుడు అది మరీ కష్టం.

అట్టి సందర్భం విజయనగరంలో వచ్చింది. 1919లో అక్కడ మహారాజా సంగీత కళాశాల ఏర్పడింది. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దాని తొలి ప్రధానాచార్యులు. కవి, గాయకులు, వైణికులు. వయస్సు ఏబది దాటినది. విద్యార్థిగా చేరగోరి ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆయన ఎదుట వాయులీనం వాయించారు. అప్పటికి నాయుడుగారు పాతికేళ్ల యువకులు. దాసుగారు శ్రద్ధగా విన్నారు. ఈతడు నేర్వవలసినవాడు కాడు, నేర్పవలసినవాడని గ్రహించి, వాయులీనాచార్యులుగా నియమింపజేశారని ప్రసిద్ధి.

శిష్యునిగా చేర్చుకొని ఉంటే ఎవరూ తప్పుపట్టరు. పైగా ఆ ప్రతిభకు గురువన్న కీర్తి దాసుగారికే దక్కేది. హరికథకుడు రాత్రంతా భగవంతుని గుణాలను గానం చేయగలడు. భగవంతుడు ఆయనకు పోటీదారు కాడు గదా! సాటి విద్వాంసుని గుణాన్ని కీర్తించవలసి వచ్చినప్పుడే నాలుకకు అసలు పరీక్ష. దాసుగారి ప్రశంస ముఖస్తుతీ కాదు. ముందు విన్నారు, పిదప మెచ్చుకొన్నారు.

1936లో ఆ కళాశాల ప్రధానాచార్య పీఠాన్ని నాయుడుగారు అధిష్ఠించారు.